జరం ఎన్నో రోజు? ఫ్లూ, కొవిడ్ యాంటీవైరల్ మందుల్లో ఏది ఎవరికి

జనవరి చివర్లో మా షాపు ముందు ఫోన్ చూపించేవాళ్లు ఎక్కువవుతారు. ఫోన్‌లో ఒక గోలీల షీటు ఫోటో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న బావమరిది పంపి ఉంటాడు, లేదంటే పక్కింటివాళ్లకు డాక్టర్ రాసిన మందు అయి ఉంటుంది. "ఇదే ఇయ్యండి సార్, వాళ్లకు రెండు రోజుల్ల తగ్గిందట" అంటారు. హనుమకొండలో మందుల షాపు కౌంటర్ వెనక 20 ఏళ్లకు పైగా నిలబడ్డాను. డాక్టర్ చీటీ ఉందా అని అడగడం కంటే ముందు నా నోటికి వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: జరం ఎప్పుడు మొదలైంది?

చాలామంది ఆగి ఆలోచిస్తారు. "మొన్ననో, అటు మొన్ననో." యాంటీవైరల్ మందుల (వైరస్‌ను ఆపే మందుల) విషయంలో ఆ ఒక్క రోజు తేడా చాలా పెద్దది. మందు పేరు, కంపెనీ, ధర అన్నీ దాని తర్వాతే. అందుకే మందుల్ని పోల్చే ముందు, వేటిని బట్టి పోల్చాలో చెబుతాను.

మొదట తేల్చుకోవాల్సినవి

*ఏ వైరస్?* యాంటీబయాటిక్ ఒక్కటే నాలుగైదు రకాల బ్యాక్టీరియా మీద పనిచేయొచ్చు. యాంటీవైరల్ అలా కాదు. ఒక తాళానికి చేసిన చెవి ఇంకో తాళంలో తిరగదు. ఫ్లూకి ఇచ్చే ఓసెల్టామివిర్ కొవిడ్‌ను ఆపదు. కొవిడ్‌కు ఇచ్చే నిర్మాట్రెల్విర్ ఫ్లూను ఆపదు. ఇంట్లో సర్పికో ఆటలమ్మకో వాడగా మిగిలిన ఎసైక్లోవిర్ గోలీలు ఉంటే, "ఇది కూడా వైరస్ మందే కదా" అని జలుబుకు వేసుకున్నవాళ్లను చూశాను. దానివల్ల లాభం సున్నా. ఇక అజిత్రోమైసిన్ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అది బ్యాక్టీరియా మందు, వైరస్‌కు దానితో సంబంధం లేదు.

లక్షణాలు చూసి కొంత ఊహించవచ్చు. ఫ్లూ చాలాసార్లు ఒక్కసారిగా పడేస్తుంది. పొద్దున బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి చలి, ఒళ్లు నొప్పులు, గట్టి జరంతో మంచం పడతాడు. మామూలు పడిశం మెల్లగా ముక్కు దగ్గర మొదలై అక్కడే తిరుగుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో హమాలీలు దగ్గుతూ, తుమ్ముతూ వస్తారు. ఘాటుతో వచ్చిన ఆ దగ్గుకు జరం ఉండదు, వైరస్ మందు పనే లేదు. కానీ ఫ్లూ, కొవిడ్ రెండింటినీ చూపుతో విడదీయలేం. దానికి ముక్కులోంచి శాంపిల్ తీసి చేసే పరీక్షే దారి. ఆ రెండింటికీ మందులు వేరు కాబట్టి, ముప్పు ఎక్కువున్న మనిషికి ఆ పరీక్ష ఖర్చు వృథా కాదు.

*ఎన్నో రోజు?* వైరస్ తనంతట తాను పెరగలేదు. మన కణంలో దూరి, మన సామానుతో తన నకళ్లు చేసుకుని బయటపడుతుంది. ఫ్లూలో ఈ నకళ్ల పని మొదటి రెండు మూడు రోజుల్లోనే జోరుగా ఉంటుంది. ఆ తర్వాత మనం పడే బాధలో ఎక్కువ భాగం వైరస్‌తో మన ఒళ్లు చేసే పోరాటం వల్ల వచ్చేది. యాంటీవైరల్ నకళ్లను ఆపుతుంది, జరిగిన నష్టాన్ని బాగుచేయదు. అందుకే ఫ్లూ మందుకు 48 గంటలు, కొవిడ్ గోలీలకు 5 రోజులు అనే గడువులు పెట్టారు.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఫ్లూ ముదిరి ఆసుపత్రిలో చేరిన మనిషికి 48 గంటలు దాటినా ఓసెల్టామివిర్ మొదలుపెడతారు. "టైము దాటింది కదా, ఇక ఎందుకు" అని ఇంట్లో కూర్చోవద్దు.

*ఎవరి ఒళ్లు?* 65 దాటినవాళ్లు, గర్భిణులు, 5 ఏళ్లలోపు పిల్లలు (అందులోనూ 2 ఏళ్లలోపు వాళ్లు), షుగర్, దమ్ము, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నవాళ్లు ముప్పు ఎక్కువున్న గుంపు. మన వైపు నేను ఇంకొందరిని కలుపుతాను. సింగరేణి గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దలు, సిరిసిల్ల మగ్గాల నూగు, బీడీ తంబాకు ధూళి ఏళ్ల తరబడి పీల్చినవాళ్లు. వీళ్లలో చాలామంది "నాకేం జబ్బు లేదు" అంటారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగితే అప్పుడు చెబుతారు. డాక్టర్ దగ్గర ఆ మాట మీరే ముందు చెప్పండి.

ఫ్లూ మందులు

| మందు | ఎలా తీసుకోవాలి | ఎన్ని రోజులు | ఎవరికి సరిపడదు |
|---|---|---|---|
| ఓసెల్టామివిర్ | గోలీ, పిల్లలకు సిరప్ | రోజుకు 2 సార్లు, 5 రోజులు | కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాలి |
| బాలోక్సావిర్ | గోలీ | ఒక్కసారే | గర్భిణులకు వద్దు. పాలు, క్యాల్షియంతో కలపకూడదు |
| జనామివిర్ | నోటితో పీల్చే పొడి | రోజుకు 2 సార్లు, 5 రోజులు | దమ్ము ఉన్నవాళ్లకు వద్దు |
| పెరామివిర్ | సెలైన్‌లా నరంలోకి | ఒక్కసారే | కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాలి |

ఓసెల్టామివిర్. మన దగ్గర ఎక్కువగా రాసేది, దొరికేది ఇదే. టామీఫ్లూ, ఫ్లూవిర్ లాంటి పేర్లతో వస్తుంది. ఫ్లూవిర్ మన హైదరాబాద్ కంపెనీ హెటిరోది.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. చేన్లో నడిచొస్తే పంచె అంచుకు పల్లేరు కాయలు ఎలా అంటుకుంటాయో, కణంలోంచి బయటికొచ్చిన కొత్త ఫ్లూ వైరస్‌లు అలాగే కణం పైపొరకు అంటుకుని ఉంటాయి. వాటిని కత్తిరించి విడిపించడానికి వైరస్ దగ్గర న్యూరామినిడేజ్ అనే కత్తెర ఉంటుంది. ఓసెల్టామివిర్ ఆ కత్తెర నోట్లో ఇరుక్కుంటుంది. పుట్టిన వైరస్‌లు అక్కడే అతుక్కుపోతాయి, పక్క కణానికి పోలేవు. జనామివిర్, పెరామివిర్ కూడా ఇదే కత్తెరను పట్టుకుంటాయి, ఒంట్లోకి వెళ్లే దారి మాత్రమే వేరు.

దీనివల్ల లాభం ఎంత? మందుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2014లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, పెద్దవాళ్లలో 7 రోజులుండే లక్షణాలు 6.3 రోజులకు తగ్గాయి. అంటే ఒక రోజు కూడా కాదు. ఆరోగ్యంగా ఉన్న 30 ఏళ్ల మనిషికి ఆ పూట కలిసిరావడం కోసం మందు వేసుకోవాలా అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. నన్నడిగితే చాలామందికి అక్కర్లేదంటాను. ముప్పు ఎక్కువున్నవాళ్ల లెక్క వేరు. వాళ్ల విషయంలో డాక్టర్లు చూసేది న్యుమోనియా వైపు పోకుండా ఉండటం.

కడుపులో తిప్పడం, వాంతులు దీని ప్రధాన ఇబ్బంది. మా అమ్మకు దమ్ము ఉంది. ఒకసారి ఫ్లూ వచ్చి డాక్టర్ రాస్తే, పొద్దున్నే పరగడుపున నేనే వేశాను. అరగంటలో వాంతి చేసుకుంది, రెండో డోసు వేసుకోనని మొండికేసింది. ఇన్నేళ్లుగా పక్కవాళ్లకు చెప్పే మాట నా ఇంట్లో మర్చిపోయానని చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి షీటు వెనక పెన్నుతో "తిన్నాక" అని రాసే ఇస్తాను. రెండు ఇడ్లీలు తిన్నా చాలు, తేడా తెలుస్తుంది.

పెద్దవాళ్ల మామూలు డోసు 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. పిల్లలకు బరువును బట్టి లెక్క ఉంటుంది: 15 కిలోల లోపు 30, 15 నుంచి 23 కిలోల వరకు 45, 23 నుంచి 40 వరకు 60, ఆపైన 75 మిల్లీగ్రాములు. ఏడాది లోపు పసిపిల్లలకు లెక్క వేరుగా కడతారు. అందుకే సిరప్ కొనడానికి వచ్చినప్పుడు బిడ్డ వయసు కాదు, బరువు తెలుసుకుని రండి. డయాలసిస్‌కు పోయేవాళ్లు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) ఎక్కువున్నవాళ్లు ఆ రిపోర్టు డాక్టర్‌కు చూపించకుండా ఈ మందు మొదలుపెట్టవద్దు.

గర్భిణికి ఫ్లూ వస్తే ఎంచుకునే మందు ఇదే. "కడుపుతో ఉంది, ఏ గోలీ వద్దు" అని అత్తగార్లు ఆపేస్తుంటారు. భయం అర్థమవుతుంది. కానీ గర్భంలో ఉన్నప్పుడు ఫ్లూ ముదిరితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం ఎక్కువ. ఇక్కడ ఆలస్యమే పెద్ద తప్పు.

చీటీ లేకుండా ఎందుకు ఇవ్వనంటానో కూడా చెబుతాను. దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో ఉండేది. ప్రత్యేక లైసెన్సున్న కొద్ది షాపుల్లో తప్ప దొరికేది కాదు. 2017లో దాన్ని షెడ్యూల్ హెచ్1లోకి మార్చారు కాబట్టి ఇప్పుడు మాలాంటి షాపుల్లోనూ దొరుకుతుంది. అయితే చీటీ చూడాలి, డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని గోలీలో రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ 3 ఏళ్లు దాచాలి. ఈ కట్టుబాటు నాకు ఇష్టమే. అందరూ ఇష్టమొచ్చినట్టు మింగితే వైరస్ ఆ కత్తెరనే మార్చుకుంటుంది.

వైరస్ మందుకు లొంగకుండా మారిన ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. అమాంటడిన్ అనే పాత మందును ఒకప్పుడు 'ఎ' (A) అనే రకం ఫ్లూకి వాడేవాళ్లు. ఇప్పుడు తిరిగే వైరస్‌లు దానికి లొంగవు. ఎవరైనా ఫ్లూకి అది సూచిస్తే తీసుకోకండి.

బాలోక్సావిర్. ఇది కొత్తది. 2018లో జపాన్‌లో, అమెరికాలో వచ్చింది. ఇది వైరస్ బయటపడే చోట కాదు, నకలు మొదలయ్యే చోటే పట్టుకుంటుంది. మన కణం రాసుకున్న ప్రతి కాగితం మీద ఒక ముద్ర ఉంటుందనుకోండి. ఫ్లూ వైరస్ ఆ ముద్రను కోసి తన కాగితానికి అంటించుకుంటేనే కణం దాని మాట వింటుంది. ఆ కోసే బ్లేడును బాలోక్సావిర్ మొద్దుబారుస్తుంది.

ఒక్కసారి మింగితే చాలు అన్నది దీని పెద్ద సుగుణం. లక్షణాలు తగ్గే వేగం ఓసెల్టామివిర్‌తో దాదాపు సమానమే. కానీ ముక్కు, గొంతులో వైరస్ చాలా తొందరగా తగ్గుతుంది, వాంతుల బాధ తక్కువ. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, జబ్బు ఇంకా ముదరని, కానీ ముదిరే ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లకు దీన్నే సూచించాయి. ఓసెల్టామివిర్‌ను ఆసుపత్రిలో చేరిన తీవ్రమైన ఫ్లూకు ఉంచాయి. అయితే ఓసెల్టామివిర్ దొరికినంత సులువుగా ఇది దొరకదు. 48 గంటల గడువులో ఒక రోజు దీని కోసం షాపులు తిరగడం కంటే, దొరికేదాన్ని డాక్టర్‌ను అడిగి వెంటనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త: పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్ గోలీలు, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ మందులతో కలిపి వేసుకుంటే ఇది ఒంటికి సరిగా పట్టదు. గ్లాసెడు పాలతో గోలీ మింగే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. ఉన్న ఒక్క డోసూ అలా పాడు చేసుకోకూడదు. చిన్నపిల్లల్లో మందుకు లొంగని రకం పుట్టే అవకాశం పెద్దల్లో కంటే ఎక్కువ కాబట్టి వాళ్లకు రాసేటప్పుడు డాక్టర్లు ఆలోచిస్తారు.

జనామివిర్, పెరామివిర్. జనామివిర్ పొడిని పీల్చాలి. దమ్ము ఉన్నవాళ్లకు గొట్టాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు నుంచి ఆయాసంతో వచ్చే పెద్దమనిషికి ఫ్లూ మందు బాగా అవసరం, కానీ ఈ మందు మాత్రం కాదు. పెరామివిర్ నోటితో మింగలేనివాళ్లకు, ఆసుపత్రిలో ఇచ్చేది. ఇంట్లో కూర్చుని ఎంచుకునేది కాదు.

కొవిడ్ మందులు

| మందు | ఎలా | ఎప్పటిలోగా | ముఖ్యమైన చిక్కు |
|---|---|---|---|
| నిర్మాట్రెల్విర్ + రిటోనావిర్ | గోలీలు, రోజుకు 2 సార్లు, 5 రోజులు | 5 రోజుల్లో | మిగతా మందులతో పడదు |
| రెమ్డెసివిర్ | నరంలోకి, 3 రోజులు | 7 రోజుల్లో | రోజూ ఆసుపత్రికి పోవాలి |
| మోల్నుపిరావిర్ | గోలీలు, రోజుకు 2 సార్లు, 5 రోజులు | 5 రోజుల్లో | గర్భిణులకు, 18 ఏళ్లలోపు వాళ్లకు వద్దు |

నిర్మాట్రెల్విర్ పనిని సిరిసిల్ల మగ్గంతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. కొవిడ్ వైరస్ తన ప్రొటీన్లను విడివిడిగా నేయదు, ఒక పొడవాటి తాను నేస్తుంది. దాన్ని కొలిచి ముక్కలు కోస్తేనే చీర అవుతుంది, పంచె అవుతుంది. ఆ కోసే ప్రొటియేజ్‌ను నిర్మాట్రెల్విర్ ఆపేస్తుంది. నేత అయింది, బట్ట పనికిరాదు. పక్కన ఉండే రిటోనావిర్ వైరస్ మీద పనిచేయడానికి కాదు. కాలేయం నిర్మాట్రెల్విర్‌ను తొందరగా కరిగించేయకుండా అది అడ్డుపడుతుంది.

చిక్కంతా ఆ అడ్డుపడటంలోనే ఉంది. అదే కాలేయం కరిగించాల్సిన మీ మిగతా మందులు కూడా ఒంట్లో పేరుకుపోతాయి. అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ గోలీని కొన్ని రోజులు ఆపమంటారు. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు బీపీ మరీ పడిపోవచ్చు. గుండెకు స్టెంటు వేసినవాళ్లు వాడే క్లోపిడోగ్రెల్ పని తగ్గొచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే, మూర్ఛకు ఫెనిటోయిన్, కార్బమజెపిన్ వాడుతుంటే ఈ మందు ఇవ్వనే కూడదు. అవి కాలేయాన్ని ఉరకలు పెట్టించి దీన్ని పనికిరాకుండా చేస్తాయి. విచిత్రం ఏమిటంటే ఈ మందు ఎవరికి ఎక్కువ అవసరమో, వాళ్ల సంచిలోనే ఈ గోలీలన్నీ ఉంటాయి. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు వాడే షీట్లన్నీ ఒక కవర్లో వేసి డాక్టర్ ముందు పోయండి. పేర్లు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు.

2021 నాటి పరీక్షల్లో, టీకా వేసుకోని, ముప్పు ఎక్కువున్న మనుషుల్లో ఆసుపత్రి చేరికలను, చావులను ఇది దాదాపు 90 శాతం తగ్గించింది. ముప్పు మామూలుగా ఉన్నవాళ్లలో చేసిన మరో పరీక్షలో అంత స్పష్టమైన లాభం కనిపించలేదు. ఈ రెండు మాటలూ కలిపి చదవాలి.

రెమ్డెసివిర్ పేరు వింటే 2021 ఎండాకాలం గుర్తొచ్చి ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఒక్క సీసా కోసం జనం రాత్రంతా షాపుల చుట్టూ తిరిగారు, ఎంత అడిగితే అంత ఇచ్చారు. ఆ రోజుల్లో ఎవరికీ సరిగా అందని మాట ఇది: ఆ మందు ముదిరిపోయిన జబ్బుకు సంజీవని కాదు. నకలు తయారవుతున్న గొలుసులో తప్పుడు లంకెగా దూరి దాన్ని మధ్యలో ఆపేస్తుంది కాబట్టి, దీని బలం కూడా మొదట్లోనే. 7 రోజుల్లోపు, ముప్పు ఎక్కువున్నవాళ్లకు 3 రోజులు ఇచ్చినప్పుడు ఆసుపత్రి చేరికలు 87 శాతం తగ్గాయి. మిగతా మందులతో పెద్దగా గొడవ ఉండదు కాబట్టి, టీబీ మందులో మూర్ఛ మందో ఆపలేనివాళ్లకు దీని గురించి అడగండి. నర్సంపేట అవతల తండా నుంచి మూడు రోజులు వరుసగా వరంగల్‌కు వచ్చిపోవడం మాత్రం మాటలు కాదు. బండి, తోడు మనిషి, పోయే కూలి అన్నీ లెక్కలో వేసుకుని డాక్టర్‌తో మాట్లాడాలి.

మోల్నుపిరావిర్ వైరస్ నకళ్లలో తప్పులు పెంచి పనికిరాకుండా చేస్తుంది. మొదటి పరీక్షలో లాభం 30 శాతం. తర్వాత టీకా వేసుకున్నవాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన పెద్ద పరీక్షలో ఆసుపత్రి చేరికలు తగ్గలేదు. 2022 జనవరిలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా భద్రత మీద అనుమానాలతో దీన్ని చికిత్స జాబితాలో పెట్టలేదు. పై రెండూ కుదరనప్పుడే దీని సంగతి. ఫావిపిరావిర్ 2020లో ఇక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. నేనూ అమ్మాను. తర్వాతి పరీక్షల్లో అది కొవిడ్‌కు పనికొస్తుందని తేలలేదు. పాత చీటీ పట్టుకుని ఇప్పుడు దాని కోసం రావద్దు.

మందు లేని వైరస్‌లు

మామూలు పడిశం తెచ్చే రైనోవైరస్‌కు గోలీ లేదు. 2025 జనవరిలో టీవీలు భయపెట్టిన హెచ్‌ఎంపీవీకి కూడా లేదు. ఆ వైరస్ 2001లోనే దొరికింది, కొత్తది కాదు. పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే ఆర్‌ఎస్‌వీకి ఇంట్లో వాడే మందు లేదు. రాకుండా ఆపే యాంటీబాడీ సూదులు మాత్రం ఉన్నాయి. వీటన్నిటికీ పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి, ఊపిరి మీద ఓ కన్ను. పిల్లలకు జరానికి ఆస్పిరిన్ ఇవ్వకండి. ఫ్లూతో కలిస్తే అది మెదడుకు, కాలేయానికి ప్రమాదం.

ఊళ్లలో జరం రాగానే "రెండు సూదులు" వేయించుకుంటారు. వాటిలో చాలాసార్లు ఒకటి స్టెరాయిడ్. ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడాల్సిన మన బలాన్నే అది అణిచేస్తుంది. కొవిడ్‌లో స్టెరాయిడ్ పనికొచ్చింది ఆక్సిజన్ పడిపోయినవాళ్లకే. ఏ సూదో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

మీరు ఎవరైతే ఏది

ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లయితే మందు లేకుండా గడిపేయొచ్చు. ఇంట్లో బాలింతో, దమ్మున్న ముసలాయనో ఉంటే మాత్రం మీ నుంచి వాళ్లకు అంటకుండా ఆలోచించాలి. మాస్కు, వేరే గది, వాళ్లకు ముందుగానే రోజుకు ఒక ఓసెల్టామివిర్ ఇవ్వాలా అన్నది డాక్టర్‌ను అడగడం.

గర్భిణులకు ఫ్లూ అయితే ఓసెల్టామివిర్, అదే రోజు. షుగర్, బీపీ, గుండె గోలీలన్నీ వాడే పెద్దవాళ్లకు ఫ్లూలో ఓసెల్టామివిర్ సులువు, కిడ్నీ రిపోర్టు ఒకటి చూస్తే చాలు. వాళ్లకే కొవిడ్ అయితే మందుల కవర్ తీసుకుని పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దమ్మున్నవాళ్లు జనామివిర్ పొడి తప్ప మిగతా ఫ్లూ మందులు డాక్టర్ సలహాతో వాడొచ్చు, ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా మందుల పోలిక ఆపి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో పోవాలి: ఆక్సిజన్ 94 కంటే తక్కువ, మాట మధ్యలో ఊపిరి అందకపోవడం, మతి తప్పినట్టు మాట్లాడటం, పసిబిడ్డ పాలు మానేయడం, పక్కటెముకలు లోపలికి గుంజుకుపోవడం, తగ్గిన జరం రెండు రోజులకు మళ్లీ గట్టిగా రావడం. చివరిది బ్యాక్టీరియా న్యుమోనియా కావొచ్చు, అప్పుడు యాంటీబయాటిక్ నిజంగానే కావాలి.

మేడారం జాతర మాఘమాసంలో వస్తుంది. ఫ్లూ తిరిగే కాలం కూడా అదే. ఫ్లూ టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు బయల్దేరే ముందు రోజు కాదు, సంక్రాంతికి ముందే వేయించండి. తిరిగొచ్చాక ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే గోడ మీది క్యాలెండర్‌లో ఆ తారీఖు గడిలో మనిషి పేరు, టైము రాయండి. మా కౌంటర్‌కు వచ్చేటప్పుడు ఆ గడిని ఫోటో తీసుకుని రండి, గోలీల షీటు ఫోటో అక్కర్లేదు.